గోదావరి లోయలో నీటి వేటగాళ్ళు: దొరికినవి, దొరకవలసినవి

నేలకొండపల్లి శివార్లలో పలుగు వేస్తే చరిత్ర తగులుతుంది. బౌద్ధ స్తూపం కట్టిన పెద్ద పెద్ద ఇటుకలు, పాత కుండల పెంకులు, మట్టి పూసలు బయటపడతాయి. విరాటరాజు కొలువు ఇక్కడేనని ఊరివాళ్ళు చెప్పుకుంటారు. కంచెర్ల గోపన్న పుట్టిందీ ఈ ఊళ్ళోనే. కానీ మనిషి చరిత్ర దాటి ఇంకా లోతుకు పోతే కథ ఒక్కసారిగా ఆగిపోతుంది. ఖమ్మం చుట్టుపక్కల నేలకు అడుగున ఉన్నది నైస్, గ్రానైట్, షిస్టు. 250 కోట్ల ఏళ్ళ నాటి రాళ్ళవి. భూగర్భపు వేడికీ ఒత్తిడికీ కరిగి, మడతలు పడి గట్టిపడ్డాయి. వెన్నెముక ఉన్న మొదటి ప్రాణి భూమి మీదికి రావడానికి దాదాపు 200 కోట్ల ఏళ్ళ ముందటివి. వాటిలో ఏ జంతువు ఎముకా ఉండదు, ఎంత వెతికినా దొరకదు.

అయితే ఈ ఊరి నుంచి పొద్దున బయల్దేరి సాయంత్రానికి తిరిగి రాగలిగినంత దూరంలోనే వేరే లోకం మొదలవుతుంది. ఇల్లందు, కొత్తగూడెం, సత్తుపల్లి, అటుపైన చింతలపూడి. ఇవన్నీ ఒకే పగులు మీద ఉన్న ఊళ్ళు. ఆసిఫాబాద్, సిరొంచ వైపు నుంచి మణుగూరు, భద్రాచలం అడవుల పక్కగా సముద్రం దాకా నేల పొడుగ్గా చీలి కుంగింది. ఆ పల్లంలోకి నదులు కోట్ల ఏళ్ళపాటు ఇసుకా బంకమన్నూ మోసుకొచ్చి పోశాయి. భూగర్భ శాస్త్రజ్ఞులు దీన్ని ప్రాణహిత-గోదావరి లోయ అంటారు. 1871లో ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టిన డాక్టర్ విలియం కింగ్, ఈ లోయ మొత్తాన్నీ నడిచి చూసి 1881లో పెద్ద గ్రంథం రాసిన విలియం కింగ్ ఒక్కరే. సింగరేణి బొగ్గు మనకు తెలుసు. అదే లోయలో బొగ్గు పొరలకు పైన ఉన్న ఎర్రటి బంకమన్ను, ఇసుకరాయి, సున్నపురాయి పొరల్లో ఏముందో మాత్రం మన బడిపిల్లలకు తెలియదు, వాళ్ళ టీచర్లకూ ఎవరూ చెప్పలేదు.

ఈ వ్యాసంలో పరిశీలించేది ఒకే ప్రశ్న. నీళ్ళలో బతికి, నీళ్ళలో వేటాడిన భారీ సరీసృపాలు తెలుగు నేల మీద ఉండేవా? ఉంటే ఏవి, ఎప్పుడు, ఎక్కడ? పాఠకుడికి ఈ మాట వినగానే సినిమాలో కొలనులోంచి ఎగిరి సొరచేపను మింగే మోససారస్ గుర్తుకొస్తుంది. అక్కడికీ వద్దాం. ముందు మన దగ్గర నిజంగా దొరికిన వేటగాడిని చూడాలి. ప్రపంచానికి అది తెలిసినంతగా మనకు తెలియదు.

దాని పేరు పారాసూకస్ హిస్లోపి.

పాత ఆదిలాబాద్ జిల్లాలో మలేరి అనే పల్లె ఉంది. నాగపూర్‌లో ఉంటూ మతబోధ చేసిన స్టీఫెన్ హిస్లోప్‌కు రాళ్ళంటే ప్రాణం. 1850లలో ఆయన చేతికి ఈ పల్లె పొలాల్లోని ఎర్ర బంకమన్ను నుంచి పళ్ళు, ఎముక ముక్కలు వచ్చాయి. అవి లండన్ చేరాయి. డార్విన్‌కు కుడిభుజం అనిపించుకున్న థామస్ హక్స్‌లీ వాటిని చూశాడు. వాటిలో ఒకటి హైపెరోడాపిడాన్, స్కాట్లండ్‌లోని ఎల్గిన్ ఇసుకరాళ్ళలో దొరికిన చిలకముక్కు సరీసృపానికి దగ్గరి బంధువు. స్కాట్లండ్ రాయికీ మలేరి మట్టికీ వయసు ఒకటేనని, అవి ట్రయాసిక్ యుగపు పొరలని తేల్చడానికి ఆ పోలికే ఆధారమైంది. మొసలిని పోలిన మరో జంతువు ముక్కలకు 1870లో హక్స్‌లీ పారాసూకస్ అని పేరు పెట్టాడు. 1885లో రిచర్డ్ లైడెక్కర్ దాన్ని పూర్తిగా వర్ణించి, హిస్లోప్ పేరు జతచేశాడు.

చిక్కు అక్కడే పడింది. లైడెక్కర్ ముందు ఉన్నవి విరిగిన ముక్కలు. వాటిలో మూతి ముక్క ఒకటి నిజంగానే ఈ జంతువుది, కానీ దాన్ని బట్టి ఏ జాతో తేల్చలేం. పుర్రె అడుగుభాగమొకటి అసలు ఈ జంతువుదే కాదు, హైపెరోడాపిడాన్‌ది. రెండు జంతువుల ఎముకలు కలిసిపోయి ఒకే పేరు కింద చేరాయి. తరువాత వందేళ్ళు ఎవరికి తోచిన రూపం వాళ్ళు ఊహించుకున్నారు.

స్వాతంత్ర్యం తరువాత కథ మారింది. కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ నడుపుతున్న ప్రశాంత చంద్ర మహాలనోబిస్ 1950ల చివర లండన్ నుంచి పామెలా రాబిన్సన్ అనే పురాజీవ శాస్త్రజ్ఞురాలిని పిలిపించారు. గణాంక శాస్త్ర సంస్థలో ఎముకల శాఖ పెట్టడం ఇప్పటికీ వింతగానే వినిపిస్తుంది, కానీ భారతదేశంలో సకశేరుకాల శిలాజాల మీద గట్టి పని నిలబడింది ఆ నిర్ణయం వల్లే. వాళ్ళు నేరుగా గోదావరి లోయకే వచ్చారు. ఎర్రపల్లి, భీమారం, మలేరి, ధర్మారం, కోట అనే ఊళ్ళ పేర్లే పొరల పేర్లయ్యాయి. ఈనాడు ఆర్జెంటీనాలోనో జర్మనీలోనో ట్రయాసిక్ గురించి చదివే విద్యార్థి ఈ ఊళ్ళ పేర్లు పలకాల్సిందే.

ఆ బృందంలోని శంకర్ చటర్జీ 1978లో పారాసూకస్ మీద అసలైన వ్యాసం ప్రచురించారు. మలేరి పొరల్లో పక్కపక్కనే పడి ఉన్న రెండు అస్థిపంజరాలు దొరికాయి. ముక్కలు కావు, తల నుంచి తోక దాకా కీళ్ళు వదలకుండా ఉన్నవి. ఒక్కొక్కటి సుమారు రెండున్నర మీటర్ల పొడవు. అప్పటికి ప్రపంచంలో ఎక్కడా ఈ వర్గపు తొలితరం జంతువు ఇంత పూర్తిగా దొరకలేదు.

చూడటానికి మొసలే. సన్నగా పొడుగ్గా సాగిన మూతి, సూదుల్లాంటి పళ్ళు, వీపు మీద ఎముక పలకలు, పక్కలకు బలంగా ఊగే తోక. కానీ మొసలి కాదు, మొసలికి తాతా కాదు. ముక్కు చూస్తే తేడా తెలుస్తుంది. మొసలికి ముక్కురంధ్రాలు మూతి చివర ఉంటాయి. పారాసూకస్‌కు అవి మూతి మొదట్లో, కళ్ళకు కాస్త ముందు, పైకి తెరుచుకొని ఉంటాయి. మూతి అంతా నీళ్ళలో ముంచుకొని ఊపిరి తీసుకుంటూ పొంచి ఉండవచ్చు. ఫైటోసార్లు అనే ఈ వర్గం, మొసళ్ళ వంశం వేరువేరు దారుల్లో నడిచి ఒకే బతుకుతెరువు దగ్గర ఒకే రూపానికి చేరాయి. కిన్నెరసాని జలాశయంలో ఈనాడు ఎండకు పడుకునే మొసలిని చూసినవాళ్ళు, సుమారు 23 కోట్ల ఏళ్ళ కిందట ఇదే లోయలో అదే పని చేసిన వేరే జంతువును ఊహించుకోవచ్చు.

అది ఏం తినేదో ఊహించనక్కర్లేదు. ఆ రెండు అస్థిపంజరాల పొట్ట భాగంలో మరో రెండు చిన్న సరీసృపాల ఎముకలు ఉన్నాయి. బల్లిని పోలి, మీటరుకు కొద్దిగా మించి పొడవుండే కొత్త జంతువవి. 1980లో చటర్జీ దానికి మలేరిసారస్ రాబిన్‌సోనే అని పేరు పెట్టారు. ఊరి పేరూ, గురువు పేరూ కలిపారు. తిన్న జంతువు, తినబడిన జంతువు రెండూ ఒకే రాయిలో దొరకడం అరుదు. ఆ ఏటి ఒడ్డున ఏం జరిగిందో చెప్పడానికి ఇంతకన్నా బలమైన సాక్ష్యం ఉండదు. చుట్టూ ఇంకెవరున్నారో కూడా తెలుసు. బురదలో పడుకునే బల్లపరుపు తల ఉభయచరం (2018 నుంచి దాని పేరు పాంథసారస్), ఊపిరితిత్తుల చేపలు, మంచినీటి ఆలిచిప్పలు, ఒడ్డున మేసే హైపెరోడాపిడాన్ మందలు, వాటి కాళ్ళ సందున తిరిగే అల్వాల్కేరియా అనే చిన్న డైనోసార్. ఇది నదులూ కుంటలూ ఉన్న లోకం. ఎక్కడా ఉప్పునీటి గుర్తు లేదు.

పేరు గొడవ మాత్రం 1978తో తీరలేదు. లైడెక్కర్ ముక్కలు దేనివో తేలవు కనుక పారాసూకస్ అనే పేరే చెల్లదని, దీన్ని అమెరికాలో, జర్మనీలో దొరికిన పేలియోరైనస్‌లో కలపాలని 1990లలో వాదన బలపడింది. చటర్జీ అంతర్జాతీయ జంతునామ సంఘానికి అర్జీ పెట్టుకున్నారు. 2003లో సంఘం తీర్పు చెప్పింది: పాత ముక్కలు పక్కన పెట్టి, కలకత్తా సంస్థలో ఉన్న పూర్తి అస్థిపంజరాన్నే ఇక ఆ పేరుకు ప్రమాణంగా తీసుకోవాలి. 2016లో కామెరర్, బట్లర్, సస్వతీ బందోపాధ్యాయ్, స్టాకర్ మళ్ళీ ఎముక ఎముకనూ పరీక్షించారు. వ్యవహారం తలకిందులైంది. అమెరికా, జర్మనీ, మొరాకో జాతులే పారాసూకస్‌లోకి వచ్చి చేరాయి. పోతుందనుకున్న మలేరి పేరు మరో మూడు ఖండాల మీద నిలిచింది.

దీన్ని పేర్ల పంచాయితీగా కొట్టిపారేయలేం. ఒకే ప్రజాతి తెలంగాణలో, టెక్సస్‌లో, మొరాకోలో, జర్మనీలో ఉందంటే అప్పటి నేలంతా ఒకటే ముద్ద అని అర్థం. మలేరిసారస్ బంధువు కూడా టెక్సస్‌లోనే దొరికింది. వేటగాడూ వేటా జంటగా అక్కడా ఉన్నాయి. అట్లాంటిక్ సముద్రం ఇంకా పుట్టలేదు. ఏరు పట్టుకొని, ఒడ్డు పట్టుకొని ఒక జంతువంశం తరాల మీద పాకుతూ అంత దూరం పోగలిగింది.

ఫైటోసార్ల కథ మలేరితో ఆగలేదు. పైన ఉన్న ధర్మారం పొరల్లో ఇంకా ముదిరిన రకాల ఎముకలు ఉన్నాయి. మధ్యప్రదేశ్‌లోని తికీ పొరల నుంచి దేబజిత్ దత్తా, సంఘమిత్రా రే బృందం 2021లో వోల్కానోసూకస్‌ను, 2023లో ఎనిమిది మీటర్లకు మించి పెరిగిన కొలోస్సోసూకస్‌ను వెలికితీసింది. ఐరోపాలో మిస్ట్రియోసూకస్ అనే మరో బంధువు ఆల్ప్స్ పర్వతాల సముద్రపు సున్నపురాళ్ళలో దొరికింది. అంటే ఈ వర్గంలో కొన్ని ఏరు దాటి కడలిలోకీ దిగాయి. 20 కోట్ల ఏళ్ళ కిందట ట్రయాసిక్ ముగుస్తూ వచ్చిన మహావినాశంలో మొత్తం వర్గమే అంతరించింది. నీటి అంచున ఖాళీ అయిన ఆ చోటులోకి తరువాతి కాలంలో మొసళ్ళ వంశం వచ్చింది.

మలేరిలో నదుల వేటగాడు ఉంటే, సముద్రపు వేటగాడు ఎందుకు లేడు? దీనికి సూటి జవాబుంది. మన దగ్గర సముద్రమే లేదు. ఇక్థియోసార్లు, ప్లీసియోసార్లు అనే సరీసృపాలు ప్రపంచ సముద్రాల్ని ఏలిన జురాసిక్ కాలంలో ఈనాటి కోస్తా ఆంధ్ర గోండ్వానా అనే మహాఖండం నడిమధ్యలో ఉంది. తూర్పున బంగాళాఖాతం ఉండాల్సిన చోట అంటార్కిటికా అతుక్కొని ఉండేది. గోదావరి లోయ కొనసాగింపును శాస్త్రజ్ఞులు ఈనాడు అంటార్కిటికా మంచు కింద వెతుకుతున్నారు.

ఇక్కడ ఒక పాత వివాదం చెప్పాలి. సిరొంచ దగ్గర ప్రాణహిత ఒడ్డున ఉన్న కోట గ్రామపు సున్నపురాయి పలకల్లో నిగనిగలాడే పొలుసులున్న చేపలు దొరుకుతాయి. 1851 నుంచే వాటి మీద రాతలున్నాయి. లెపిడోటిస్, టెట్రగోనోలెపిస్, 1974లో సోహన్ లాల్ జైన్ వర్ణించిన ఇండోసీలకాంథస్ వాటిలో ముఖ్యమైనవి. ఈ చేపల చుట్టాలు ఐరోపాలో సముద్రపు పొరల్లో దొరుకుతాయి కనుక కోట దగ్గరికి జురాసిక్‌లో సముద్రం వచ్చి ఉంటుందని కొందరు వాదించారు. ఆ వాదన నాకు నమ్మదగ్గదిగా అనిపించదు. అదే పొరల్లో ఉన్న సూక్ష్మమైన ఆస్ట్రకోడ్ చిప్పలు మంచినీటివి, అమ్మోనైటు అనే సముద్రపు చుట్టగవ్వ ఒక్కటీ లేదు. చుట్టూ ఉన్నవి బరాపాసారస్, పి. యాదగిరి 1988లో పేరు పెట్టిన కోటాసారస్ వంటి నేల మీది డైనోసార్లు. కోటాసారస్‌ను హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టారు, మీరు చూసే ఉంటారు. కోట ఒక పెద్ద చెరువు. చేపలు ఏటి దారిన వచ్చి ఉండవచ్చు. అక్కడ ఇక్థియోసార్ కోసం ఎదురుచూడటం దండగ.

పడమటి తీరం సంగతి వేరు. ఆఫ్రికాకూ మనకూ మధ్య చీలిక ముందే మొదలై, జురాసిక్‌లోనే కచ్ మీదికి సముద్రం వచ్చింది. 2017లో కచ్‌లోని లోడై ఊరి దగ్గర దాదాపు పూర్తిగా ఉన్న ఇక్థియోసార్ అస్థిపంజరాన్ని ప్రకటించారు. భారత జురాసిక్ నుంచి అదే మొదటిది. వయసు 15 కోట్ల ఏళ్ళకు పైమాటే, పొడవు ఐదున్నర మీటర్లని అంచనా. ఆ బృందానికి నాయకుడు ఢిల్లీ విశ్వవిద్యాలయంలో పనిచేసిన గుంటుపల్లి వి.ఆర్. ప్రసాద్. తెలంగాణకు ఆయన ముందే బాగా తెలిసినవారు. వికారాబాద్ ప్రాంతంలోని నాస్కల్ దగ్గర దక్కన్ లావా పొరల మధ్య మట్టిని జల్లించి, ఎలుకంత క్షీరదాల పళ్ళు ఏరి, అశోక్ సాహ్నితో కలిసి 1988లో భారత క్రెటేషియస్ కాలపు మొదటి క్షీరదాన్ని ప్రకటించినది ఆయనే. దాని పేరులోనూ హిస్లోప్ ఉన్నాడు: దక్కనోలెస్టిస్ హిస్లోపి. మిల్లీమీటరు పన్ను నుంచి ఐదు మీటర్ల ఇక్థియోసార్ దాకా, పద్ధతి ఒకటే. సరైన వయసున్న సరైన పొర ఎంచుకొని, ఓపికగా ఏళ్ళ తరబడి దాన్నే వెతకడం.

తూర్పున తలుపు తెరుచుకున్నది సుమారు 13 కోట్ల ఏళ్ళ కిందట. భారతదేశం అంటార్కిటికా నుంచి విడివడింది, కొత్త సముద్రం లోయ కొసలోకి చొచ్చుకొచ్చింది. ఆ రాక గుర్తులు నేలకొండపల్లికి తూర్పున, ఖమ్మం జిల్లా దాటగానే ఉన్నాయి. విలియం కింగ్ 1880లో వాటిని మూడు మెట్లుగా వర్ణించాడు. అడుగున నూజివీడు దగ్గరి గొల్లపల్లి ఇసుకరాయి, దాని మీద రాఘవాపురం షేల్, ఆ పైన ద్వారకా తిరుమల కొండ ఎక్కేవాళ్ళ కాళ్ళ కింద ఉండే తిరుపతి ఇసుకరాయి. గొల్లపల్లి రాళ్ళలో ఉన్నవి ఆకుల అచ్చులు, 1877లోనే ఫైస్ట్‌మాంటెల్ వాటిని వర్ణించాడు. రాఘవాపురం షేల్‌లో ఆకులతో పాటు అమ్మోనైట్లు, చేప పొలుసులు కనిపిస్తాయి. అంటే ఒడ్డు దగ్గరలోని సముద్రం. తిరుపతి ఇసుకరాయిలో ట్రైగోనియా అనే సముద్రపు చిప్పలు ఉన్నాయి. ఒంగోలు వైపున వేమవరం, బూదవాడ, పావులూరు పొరలూ ఈ కోవవే. రాబర్ట్ బ్రూస్ ఫుట్ వాటిని నడిచి చూశాడు. బూదవాడ అమ్మోనైటు ఒకటి ఊరి పేరుతోనే పాస్కోయిటిస్ బూదవాడెన్సిస్ అయింది.

అమ్మోనైట్లున్న సముద్రంలో వాటిని నమిలే సరీసృపం ఉండటం ప్రపంచమంతటా కనిపించే సంగతి. ఆస్ట్రేలియాలో ఇదే కాలపు సముద్రపు పొరల్లో క్రోనోసారస్, ప్లాటిప్టెరీజియస్ అనే సముద్ర సరీసృపాలు దొరికాయి. మనకు దక్షిణాన తమిళనాడులో తిరుచిరాపల్లి, అరియలూరు ప్రాంతపు ఉత్తత్తూరు పొరల నుంచి వెన్నుపూసలు తీసుకొని 1879లోనే లైడెక్కర్ ఇక్థియోసారస్ ఇండికస్ అని పేరు పెట్టాడు. 2011లో అండర్‌వుడ్, ప్రసాద్ తదితరులు అవే పొరల్లో ఇక్థియోసార్ పళ్ళు, సొరచేపల పళ్ళు వర్ణించారు. అదే తీరం, అదే కొత్త సముద్రం. అరియలూరులో ఈదిన ఇక్థియోసార్ ఒంగోలు దగ్గర ఆగిపోవడానికి గోడ ఏదీ లేదు. అయినా తెలుగు ఊరి పేరు పెట్టుకున్న సముద్ర సరీసృపం ఇంకా ఒక్కటీ లేదు.

ఎందుకు లేదన్నదానికి మూడు కారణాలు నాకు కనిపిస్తున్నాయి, మూడూ సమానమైనవి కావు. మొదటిది నేల స్వభావం: రాఘవాపురం షేల్‌లో పైకి తేలిన భాగం తక్కువ, ఉన్నదీ సాగులోనూ జీడిమామిడి తోటల కిందా ఉంది. అరియలూరులో లాగా ఎండకు బీటలు వారి గండ్లు పడ్డ బీడునేల కాదు. రెండోది, ఇవే పొరలు సముద్రం వైపు పోతూ కృష్ణా-గోదావరి బేసిన్‌లో కిలోమీటర్ల లోతుకు దిగాయి. అక్కడ రాఘవాపురం షేల్ చమురు, గ్యాస్ పుట్టే రాయి. ఓఎన్‌జీసీ బావుల్లోంచి దాని నమూనాలు పైకి వస్తాయి గాని, జానెడు వెడల్పు రంధ్రంలోంచి వచ్చే రాతిపొడిలో సూక్ష్మజీవుల గుల్లలు కనిపిస్తాయి, దవడలు కనిపించవు. మూడోది అసలైనది: ఎముకల కోసమని ఎవరూ ఆ పొరలను ఏళ్ళ తరబడి వెతకలేదు. ఆకుల కోసం వెతికారు, గుల్లల కోసం వెతికారు, చమురు కోసం వెతికారు. మలేరికి రాబిన్సన్ బృందం వచ్చినట్టు రాఘవాపురానికి ఎవరూ రాలేదు.

ఇక మోససారస్ దగ్గరికి. 1764లో, మళ్ళీ 1780 ప్రాంతంలో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ పట్టణం దగ్గర సుద్దరాయి సొరంగాల్లో భారీ దవడలు దొరికాయి. ఫ్రెంచి సైన్యం పట్టణాన్ని పట్టుకున్నాక రెండో పుర్రె పారిస్ చేరింది. మొసలి అన్నారు, తిమింగలం అన్నారు. ఆద్రియన్ కాంపర్ మాత్రం ఇది ఉడుముల జాతికి దగ్గరిదని గుర్తించాడు, 1808లో కువియే ఆ మాటే స్థిరపరిచాడు. 1822లో కోనిబేర్ మోససారస్ అని పేరు పెట్టాడు. జంతుజాతులు పూర్తిగా అంతరించిపోగలవని నమ్మడానికి లోకం సిద్ధమైన రోజుల్లో, ఆ నమ్మకానికి బలమిచ్చిన ఎముకల్లో ఇది ఒకటి.

ఇది డైనోసార్ కాదు. మన పొలాల గట్ల మీద తిరిగే ఉడుముకూ, పాముకూ దగ్గరి బంధువు. క్రెటేషియస్ చివరి మూడు కోట్ల ఏళ్ళలో ఆ బల్లి వంశం ఒకటి సముద్రంలోకి దిగి, కాళ్ళను తెడ్లుగా, తోకను చుక్కానిగా మార్చుకొని, పది మీటర్లు మించి పెరిగింది. 2010లో ప్రచురించిన ప్లేటికార్పస్, 2013లో జోర్డాన్ నుంచి వర్ణించిన ప్రోగ్నథోడాన్ నమూనాల్లో తోక చివర సొరచేపకు ఉన్నట్టు రెక్క ఉందని తేలింది. అంతకు ముందు పుస్తకాల్లో వేసిన పాములాంటి తోక బొమ్మలన్నీ పాతబడ్డాయి. అంగిట్లో రెండో వరుస పళ్ళు, ఒంట్లో సముద్రపు నీటికన్నా ఎక్కువ వేడి ఉన్నట్టు ఐసోటోపుల సాక్ష్యం. మన తెలుగు పత్రికలు దీన్ని ఇప్పటికీ ‘సముద్రపు డైనోసార్’ అని రాస్తున్నాయి. పిల్లలు చదివే చోట ఈ తప్పు దిద్దుకోవాలి.

మోససార్ల చివరి రోజులకు తెలుగు నేలతో ఉన్న బంధం ఎముకల రూపంలో లేదు, లావా రూపంలో ఉంది. రాజమహేంద్రవరం దగ్గర గోదావరికి రెండు వైపులా కాతేరు, పంగిడి, దుద్దుకూరు, గౌరీపట్నం క్వారీల్లో నల్లరాయి కొడతారు. మన రోడ్ల కంకర చాలా భాగం అక్కడిదే. అది దక్కన్ లావా. స్టీఫెన్ సెల్ఫ్ తదితరులు 2008లో చూపించినదాని ప్రకారం, ఆ ప్రవాహాలు పడమటి కనుమల వైపు నుంచి వెయ్యి కిలోమీటర్లు నదీలోయల వెంట పారి తూర్పు సముద్రాన్ని చేరాయి. భూమి మీద తెలిసిన అతిపొడవైన లావా ప్రవాహాలు ఇవే కావచ్చు. కింది లావాకూ పై లావాకూ మధ్య సముద్రపు చిప్పలున్న సున్నపు పొర ఒకటి ఉంది. దాని మీద హిస్లోప్ 1860లోనే రాశాడు. మలేరి ఎముకలు పంపిన ఆ మనిషే.

2008లో గెర్టా కెల్లర్, థియెరీ అదాత్, సునీల్ బాజ్‌పాయ్ తదితరులు ఆ మధ్యపొరలో డైనోసార్లను తుడిచిపెట్టిన మహావినాశం అయిన వెంటనే పుట్టిన సూక్ష్మజీవుల గుల్లలను గుర్తించారు. అంటే కింది లావా, 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ నాటి ఆ వినాశానికి దగ్గరగా ముగిసింది. దీని ఆధారంగా కెల్లర్ బృందం డైనోసార్లను, మోససార్లను చంపడంలో దక్కన్ అగ్నిపర్వతాల పాత్రే పెద్దదని వాదించింది. 1980లో అల్వారెజ్ తండ్రీకొడుకులు తెచ్చిన గ్రహశకలం వాదం మరోవైపు ఉంది. మెక్సికోలోని చిక్సులూబ్ బిలం దానికి రుజువు. రెండు వైపులా చదివాక నాకు తోచింది ఇది: సముద్రపు ఆహారగొలుసు ఒక్కసారిగా తెగిపోయిన తీరు గ్రహశకలపు దెబ్బకే ఎక్కువ సరిపోతుంది. లావా వాయువులు అప్పటికే వాతావరణాన్ని కుదిపి ఉండవచ్చు. ఆ తగవు ఎటు తీరినా, దాన్ని తీర్చడానికి ప్రపంచం వచ్చి చూసే రాయి మన కొవ్వూరు పక్కన ఉంది. మోససార్లు బతికిన చివరి సముద్రం, అవి లేని మొదటి సముద్రం రెండూ ఇంచుమించు ఒకే క్వారీ గోడ పరిధిలో ఉన్నాయి. అలాంటి చోటు లోకంలో తక్కువ.

ఆ గోడ రోజురోజుకూ కరిగిపోతోంది. క్వారీ పని ఆపమనడం న్యాయం కాదు, ఎందరో కూలీల బతుకు దాని మీద ఉంది. కానీ పేల్చే ముందు ఒక ముఖాన్ని చదవడానికి వదిలిపెట్టడం, అరుదైన పొర తేలినప్పుడు ఒక విశ్వవిద్యాలయానికి కబురు పెట్టడం ఏ లీజుదారుకూ భారం కాదు. మన దేశంలో శిలాజాలను కాపాడటానికంటూ ప్రత్యేక చట్టం కావాలని శాస్త్రజ్ఞులు ఏళ్ళుగా అడుగుతున్నారు. భూవారసత్వ స్థలాల ముసాయిదా బిల్లును కేంద్రం 2022 డిసెంబరులో ప్రజల ముందు పెట్టింది. పక్కన సిరొంచ వైపు వడదం దగ్గర మహారాష్ట్ర శిలాజాల పార్కు పెట్టుకుంది. మలేరికి, దుద్దుకూరుకు కనీసం ఒక బోర్డు ఉండాలి. పారాసూకస్ అసలు ఎముకలు కలకత్తాలో భద్రంగా ఉన్నాయి, అక్కడే ఉండనివ్వండి. వాటి అచ్చులు ఆసిఫాబాద్‌లో, ఖమ్మంలో పిల్లలకు కనబడే చోట పెట్టడం ఒక జిల్లా యంత్రాంగానికి అసాధ్యమైన పని కాదు.

ఈ లోయ మీద ఇన్నేళ్ళ పని కలిపి చూస్తే చిత్రం ఇలా ఉంది. నదుల వేటగాడి విషయంలో మన దగ్గర ప్రపంచంలోనే మేలైన సాక్ష్యం ఉంది. జురాసిక్ కడలి వేటగాళ్ళు ఇక్కడ ఉండే అవకాశమే లేదు. క్రెటేషియస్ కడలి వేటగాళ్ళు ఉండి తీరాలి, ఇంకా చేతికి రాలేదు. వెతకవలసిన వరుస కూడా స్పష్టమే. ముందు రాఘవాపురం, వేమవరం షేల్‌లో, బూదవాడ ఇసుకరాయిలో అమ్మోనైట్లు ఎక్కువగా ఉండే మట్టాలు, తరువాత ద్వారకా తిరుమల ఇసుకరాయి, ఆ పైన దుద్దుకూరులో లావాకు కింద ఉన్న సున్నపు పొర. నాస్కల్‌లో ప్రసాద్ చేసినట్టు మట్టి కడిగి జల్లిస్తే ముందు సొరచేప పళ్ళు వస్తాయి. సొరచేప పళ్ళు వచ్చే చోటే సరీసృపం పన్ను కూడా వస్తుంది.

చింతలపూడి, నూజివీడు, ఒంగోలు, కొవ్వూరు వైపు బావి తవ్వేవాళ్ళకు, క్వారీ మేస్త్రీలకు, సైన్సు టీచర్లకు ఒక్క మాట. బిళ్ళలా గుండ్రంగా ఉండి రెండు వైపులా గుంటపడ్డ రాయి గాని, గీతలతో మెరిసే కోరపన్ను గాని, గుండ్రంగా చుట్టుకున్న గవ్వ అచ్చు గాని కనిపిస్తే దాన్ని ఆసిడ్‌తో కడగకండి, సుత్తితో విడగొట్టకండి. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి, ఏ లోతులో ఏ రంగు పొరలో దొరికిందో రాసిపెట్టండి. హైదరాబాద్ బండ్లగూడలో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దక్షిణ ప్రాంత కార్యాలయం ఉంది, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, హైదరాబాద్‌లో ఉస్మానియా భూగర్భ శాస్త్ర విభాగాలు ఉన్నాయి. దయచేసి ఆ ఫొటో వాళ్ళకు పంపండి.